నా పేరిట నాకు తెలియని డొమైన్

సంపాదకుల గారికి నమస్కారం.

నకిలీ వెబ్‌సైట్ల మోసాల గురించి వార్తలు వచ్చినప్పుడల్లా “ఫలానా వ్యక్తి పేరిట నమోదైన సైటు” అనే మాట మీ పత్రికలోనూ ఇతర పత్రికల్లోనూ కనిపిస్తుంటుంది. కొంతకాలం కిందటి వరకూ నేను కూడా ఆ మాట చదివి, ఆ ఫలానా వ్యక్తే దొంగ అనుకుని పేజీ తిప్పేసేవాణ్ని. ఇప్పుడు ఆ ఫలానా వ్యక్తిని నేనే అయ్యాను కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

ఒకరోజు కొరియర్‌లో, డొమైన్ల (వెబ్‌సైటు పేర్ల) మీద వచ్చే వివాదాలను పరిష్కరించే ఒక సంస్థ నుంచి, నాకొక మందపాటి కవరు అందింది. ఒక పేరున్న కంపెనీని పోలిన పేరుతో, ఒక్క అక్షరం మాత్రం మార్చి, నేను డొమైన్ నమోదు చేశాననీ, దాని మీద ఆ కంపెనీ ఫిర్యాదు చేసిందనీ, 20 రోజుల్లోగా నా జవాబు పంపాలనీ అందులో ఉంది. నేను జీవితంలో ఎన్నడూ డొమైన్ కొనలేదు, కొనే అవసరమూ రాలేదు. అయినా కాగితం మీద ఉన్న పేరు నాదే, చిరునామా నాదే, ఫోన్ నంబరు నేను ఎప్పుడో వదిలేసినదే. ఇదే ఒక కొత్త రకం మోసమేమోనని మొదట అనుమానించాను. లేని డొమైన్‌కు రెన్యువల్ రుసుము కట్టమంటూ దొంగ బిల్లులు పోస్టులో పంపేవాళ్లు కూడా ఉన్నారు మరి. అందుకే కాగితం మీది నంబరుకు ఫోన్ చేయకుండా, ఆ వివాద పరిష్కార సంస్థ వివరాలను విడిగా వెతికి పట్టుకుని అడిగాను. ఫిర్యాదు నిజమైనదేనని తేలింది.

ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదువుతుంటే ఒక విషయం కంటపడింది. నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుపడి ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక ఆన్‌లైన్ దుకాణంలో వస్తువు కొంటూ తొందరలో నేనే చేసిన తప్పది, దిద్దుకోవడానికి కూడా బద్ధకించాను. మరెక్కడా నా పేరు అలా ఉన్నట్టు నాకు గుర్తులేదు. నా వివరాలు ఏ గుమ్మంలోంచి బయటికి పోయి ఉంటాయో నా బద్ధకమే నాకు చూపించింది. అయితే ఆ అనుమానాన్ని రుజువు చేయడం నా వల్ల అయ్యే పని కాదు.

అసలు ఒకరి పేరిట ఇంకొకరు డొమైన్ ఎలా నమోదు చేయగలరని చాలామంది నన్ను అడిగారు. డొమైన్లను మనకు అమ్మేవి రిజిస్ట్రార్ సంస్థలు. డాట్ కామ్ వంటి సాధారణ డొమైన్ల విషయంలో ఆ సంస్థలు, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థతో చేసుకున్న ఒప్పందానికి కట్టుబడి ఉండాలి. నమోదు జరిగిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు ఈమెయిలుకో ఫోనుకో ఒక సందేశం పంపి జవాబు రాబట్టాలని, అది రాకపోతే స్వయంగా విచారించి నిర్ధారించుకోవడమో డొమైన్‌ను నిలిపివేయడమో చేయాలని 2013 నాటి ఒప్పందం చెబుతుంది. ఈమెయిలు, ఫోను రెండింటిలో ఒకదాని నుంచి జవాబు వస్తే చాలు. దొంగ తన ఈమెయిలును తానే రాసుకుంటాడు, వచ్చిన లింకును తానే నొక్కుతాడు, దానితో “నిర్ధారణ” పూర్తవుతుంది. పేరు ఆ ఈమెయిలు వాడుతున్న మనిషిదేనా అని ఎవరూ అడగరు. చిరునామాలో పోస్టల్ కోడ్ అంకెలు సరిపోయాయా, రాయవలసిన గడులన్నీ నిండాయా అన్నంత వరకే పరిశీలన. కల్పించిన చిరునామా ఈ పరీక్షలో తప్పవచ్చునేమో గాని, దొంగిలించిన నిజమైన చిరునామా ఎన్నటికీ తప్పదు. చెల్లింపు కూడా దొంగిలించిన కార్డుతోనే జరిగితే, కార్డుదారు పేరూ నమోదు పేరూ ఒకటిగా ఉండి ఎవరికీ అనుమానం రాదు. ఏడాది రుసుము స్వల్పం కనుక కార్డు స్టేట్‌మెంటులో ఆ పద్దు కంటికి ఆనకుండా పోవచ్చు. పాఠకులు ఇలాంటి చిన్న పద్దుల మీదే ఒక కన్నేసి ఉంచాలి.

ఇక రెండో చిక్కు. ఒకప్పుడు డొమైన్ ఎవరి పేరిట ఉందో హూయిజ్ అనే పద్ధతిలో ఎవరైనా చూడగలిగేవారు. 2018 మే 25న ఐరోపాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి రావడంతో, ఐకాన్ అదే నెలలో తాత్కాలిక నిబంధనలు తెచ్చి వ్యక్తుల వివరాలను బహిరంగ రికార్డుల నుంచి చాలావరకు మరుగుపరిచేలా చేసింది. దీన్ని నేను తప్పుపట్టను. అందరి ఇంటి చిరునామాలూ ప్రచార ఉత్తరాలు పంపేవాళ్ల చేతుల్లో పడిన ఆ పాత రోజులు మళ్లీ రావాలని కోరుకోను. కాని దొంగను దాచిన ఆ తెరే నాకూ అడ్డమైంది. నా పేరిట ఎన్ని డొమైన్లు ఉన్నాయో చూసుకునే కిటికీ నాకు లేదు. ఆ కంపెనీ ఫిర్యాదు చేసి, రిజిస్ట్రార్ తన దగ్గరున్న వివరాలను వివాద పరిష్కార సంస్థకు ఇవ్వబట్టే నాకు సంగతి తెలిసింది. 2025 జనవరి 28తో సాధారణ డొమైన్లకు హూయిజ్ సేవ తప్పనిసరి కాకుండా పోయింది, దాని స్థానంలో ఆర్‌డీఏపీ అనే కొత్త పద్ధతి వచ్చింది. అడిగేవారి అర్హతను బట్టి తక్కువో ఎక్కువో సమాచారం ఇవ్వగల వీలు ఈ కొత్త పద్ధతిలో ఉంది. ఆ అర్హుల వరుసలో పేరు పోగొట్టుకున్న మనిషికి చోటు ఉన్నట్టు మాత్రం నాకు కనిపించలేదు.

నేను రిజిస్ట్రార్‌కు రాసినప్పుడు వచ్చిన మొదటి జవాబు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఖాతాలో నమోదైన ఈమెయిలు నుంచే అభ్యర్థన పంపితేనే పరిశీలిస్తామన్నారు. ఆ ఈమెయిలు దొంగది! నేను నేనేనని రుజువు చేసుకోవడానికి దొంగ అనుమతి కావాలన్నమాట. ఆ తరువాత నమోదు వివరాలు అబద్ధమంటూ ఐకాన్‌కు ఫిర్యాదు పత్రం నింపాను, దానికి రుసుమేమీ లేదు. అప్పుడు గాని రిజిస్ట్రార్ కదలలేదు. 2024 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పంద సవరణలు ఫిషింగ్ (నకిలీ సైట్లతో రహస్య వివరాలు రాబట్టడం), మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) వంటి దుర్వినియోగాలకు తగిన ఆధారాలు చూపితే రిజిస్ట్రార్లు వెంటనే చర్య తీసుకోవాలంటున్నాయి. కాని ఒకరి పేరును ఇంకొకరు వాడుకోవడం ఆ జాబితాలో లేదు. ఆ సైటు ఇంకా ఎవరినీ మోసగించకపోతే, నా ఫిర్యాదు “తప్పుడు వివరాలు” అన్న మామూలు దస్త్రంలోనే పడి ఉంటుంది. డాట్ ఇన్ వంటి రెండక్షరాల దేశ డొమైన్లకైతే ఈ దారి కూడా ఉండదు, ఆయా దేశాల రిజిస్ట్రీల (డొమైన్ల మూల జాబితాను నిర్వహించే సంస్థల) నియమాలే వాటికి వర్తిస్తాయి.

కొందరి విషయంలో దొంగలు ఈమెయిలు కూడా అసలు మనిషిదే రాస్తారు. అప్పుడు “మీ డొమైన్‌ను నిర్ధారించండి” అన్న సందేశం మనకే వస్తుంది. ఆ లింకును నొక్కకూడదు. సందేశం దొంగదైతే వలలో పడతాం, నిజమైనదైతే మనది కాని డొమైన్‌ను మన చేతులతోనే ఖాయం చేసినవాళ్లమవుతాం. పాస్‌వర్డ్ మార్చి డొమైన్‌ను చేజిక్కించుకోమని ఒక మిత్రుడు నాకు సలహా ఇచ్చారు. నాది కానిదాన్ని నాదని ఒప్పుకున్నట్టవుతుందేమోనన్నది నా భయం. దానికన్నా ఐకాన్ లుకప్ పేజీలో ఆ డొమైన్ పేరు వెతికి, రిజిస్ట్రార్ ఎవరో, దుర్వినియోగ ఫిర్యాదులు తీసుకునే చిరునామా ఏమిటో తెలుసుకుని, తేదీతో సహా రాతపూర్వకంగా తెలియజేసి, నకలు దాచుకోవడం మేలు. పోలీసులకూ బ్యాంకుకూ చేసిన ఫిర్యాదుల ప్రతులు కూడా దానికి జతచేయవచ్చు.

వివాద పరిష్కార సంస్థకు గడువులోపలే జవాబిచ్చాను. డొమైన్ నాది కాదనీ, తీర్పులో నా పేరు ప్రకటించవద్దనీ కోరాను. ఐకాన్ 1999లో తెచ్చిన ఈ వివాద విధానం కింద వెలువడే తీర్పులు బహిరంగంగా ప్రచురితమవుతాయి. అయితే పేరు దొంగిలించినట్టు కనిపించిన సందర్భాల్లో దాన్ని తొలగించి, ప్రచురించకుండా రిజిస్ట్రార్‌కు పంపే అనుబంధంలో ఉంచడం అక్కడ అలవాటుగా జరుగుతున్నదే. నా విషయంలోనూ అలాగే చేశారు, డొమైన్ ఆ ఫిర్యాదు చేసిన కంపెనీకి బదిలీ అయింది. జవాబివ్వకుండా ఆ కవరును చెత్తబుట్టలో వేసి ఉంటే, అక్షరం తప్పుతోనైనా సరే, నా పేరు ఆ తీర్పు మీద శాశ్వతంగా ఉండిపోయేదేమో.

నమోదు వివరాలను సరిచూసే విధానాలు ఉండాలని ఐరోపా సమాఖ్య 2022 నాటి సైబర్ భద్రతా ఆదేశంలో నిర్దేశించింది. ఆ సరిచూడటం మళ్లీ ఈమెయిలు దగ్గరే ఆగిపోతే ఉపయోగం తక్కువ. చిరునామాకు ఒక సంకేతసంఖ్యతో పోస్టుకార్డు పంపినా నాకు ఆనాడే తెలిసిపోయేది. ఖర్చు పెరుగుతుందని రిజిస్ట్రార్లు అంటారని నాకు తెలుసు. ఆ ఖర్చును ఇప్పుడు నాలాంటివాళ్లం భరిస్తున్నామన్నది వారి లెక్కల్లోకి రాదు.

మీ విలేకరులకు నా విన్నపం ఒక్కటే. నకిలీ సైటు వార్తలో నమోదుదారు పేరు వేసే ముందు దయచేసి ఆ మనిషిని ఒకసారి సంప్రదించండి. వీలు కాకపోతే పేరు లేకుండానే వార్త వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు