ముత్యాల బిల్లు మీద అవి ఏ ముత్యాలో కూడా రాయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో బంగారం హాల్‌మార్కు గురించి రాశారు, బాగుంది, కానీ ముత్యాల సంగతి ఎవరూ పట్టించుకోరేంటండీ? బంగారానికి 2021 నుంచి హాల్‌మార్కు తప్పనిసరి చేశారు, ముత్యాలకి అలాంటిదేం లేదు, షాపు వాడు ఏం చెప్తే అదే. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా అమ్మమ్మ పెళ్ళికి, అంటే 1938లో, తాతయ్య మద్రాసులో కొన్న రెండు పేటల దండ అమ్మకి వచ్చి, అక్కణ్ణుంచి నాకు వచ్చింది. మొన్న మా చెల్లెలి కూతురి పెళ్ళిలో భోజనాల దగ్గర ఎవరి పిల్లాడో పట్టుకుని లాగితే తెగిపోయింది. పాత దారం, మధ్యలో ముడులు కూడా లేవు, అన్నీ జారిపోయాయి. బంతిలో వాళ్ళంతా లేచి వెతికారు, ఒకటైతే మా బావగారి పెరుగన్నంలో దొరికింది, ఆయన కొరికేదాకా తెలీలేదు పాపం. ఇంతకీ ఎన్ని ఉండాలో ఎవరికీ తెలీదు. చివరికి తాతయ్య పోయాక రాసుకున్న పంపకాల కాగితంలో మా మావయ్య చేతిరాతతో "ముత్యాల దండ 1, పేటలు 2, ముత్యాలు 148" అని కనపడింది. మా దగ్గరున్నవి 142.

ఆ ఆరూ కొందామని ఒక షాపుకి వెళ్తే, ఇవి ప్లాస్టిక్కండీ, ఇచ్చేసి పైన కొంచెం కలపండి, కొత్తది ఇస్తాం అన్నాడు. ప్లాస్టిక్కైతే నీకెందుకయ్యా అని వచ్చేశాం. రెండో షాపాయన ఒకటి తీసి పంటికి రాసి, గరగరలాడుతోంది కాబట్టి అసలు బస్రా, అంటే గల్ఫ్ సముద్రంలో దానంతటది పెరిగిన ముత్యం అన్నాడు, మా అమ్మ మొహం వెలిగిపోయింది. మనకి పాత ముత్యం కనపడితే చాలు బస్రా అనేస్తాం కదా, నిజాం నగల్లో ఏడు పేటల సత్లడా బస్రా ముత్యాలదే, 1995లో కేంద్ర ప్రభుత్వం కొన్న నగల్లో అదీ ఉంది, ఆ పేరు అలా పడిపోయింది. కానీ ఈ పంటి పరీక్షతో గాజు, ప్లాస్టిక్ పూసలు మాత్రమే బయటపడతాయి. అలా దానంతటది పెరిగిన బస్రా ముత్యమైనా, మనిషి పెంచిన కల్చర్డ్ ముత్యమైనా పంటికి ఒకేలా గరగరలాడతాయి. లోపల ఏముందో తేల్చాలంటే ఎక్స్‌రే తీయాల్సిందే.

మావి ల్యాబ్‌కి పంపిస్తే జపాన్ కల్చర్డ్ అని వచ్చింది. ఒక్కో దాని లోపల ఆల్చిప్ప లాంటి గుల్లని చెక్కి చేసిన గుండ్రటి పూస, పైన సన్నటి ముత్యపు పొర. జపాన్‌లో మికిమోటో 1893లోనే ముత్యం పెంచి చూపించాడట, గుండ్రటివి ఆ తర్వాత వచ్చాయి, కాబట్టి 1938 నాటికి మద్రాసు బజారుకి రావడం వింతేం కాదు. అమ్మ మాత్రం ఆ మిషనుకేం తెలుసు అంటోంది.

తెలియడం వల్ల మంచే జరిగింది, బస్రా అనుకునుంటే ఆ ఆరింటికి ఎంత పోసేవాళ్ళమో! పత్తర్‌గట్టిలో ముత్యాలు గుచ్చే ఒక పెద్దాయన పాత తెగిన దండల మిగుళ్ళు ఉన్న డబ్బా తీసి, ట్యూబులైటు కింద కాదమ్మా అని గుమ్మం దగ్గర ఎండ వెలుతుర్లో పెట్టి జత చేశాడు. కొత్తవి మరీ తెల్లగా ఉంటాయి, మావి ఇన్నేళ్ళకి మీగడ రంగుకి తిరిగాయి. నాలుగు బాగా కలిశాయి, రెండు కలవలేదు, వాటిని వెనకాల కొక్కెం దగ్గర గుచ్చాడు, జడ కింద ఎవరికి కనపడుతుంది! పట్టుదారంతో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేశాడు, ఇప్పుడు తెగినా ఒకటే పోతుంది. చింతపండు నీళ్ళతో మాత్రం కడగొద్దు, పులుపు తగిలితే పై పొర పోతుంది అన్నాడు. మా పక్కింటావిడ సరిగ్గా అదే చేస్తుంది, చెప్పాలి.

నేనడిగేది ఒక్కటే, ముత్యాలు అమ్మినా, పాతవి గుచ్చినా బిల్లు మీద ఎన్నో, కల్చర్డా కాదా, సముద్రానివా మంచినీటివా రాసివ్వాలని ఎవరైనా రూలు పెట్టండి. ఉత్త "అసలు ముత్యాలు" అంటే ఎలాగండీ, కల్చర్డ్ కూడా అసలే కదా. ఆ పెద్దాయన్ని అడిగితే మారు మాట్లాడకుండా చీటీ మీద "148, జపాన్ కల్చర్డ్, అందులో 6 తర్వాత కలిపినవి" అని రాసిచ్చాడు. దాన్ని మావయ్య కాగితంతో కలిపి పిన్ను కొట్టి పెట్టాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్