గొంతు పోతే మింగడం కాదు, చూపించుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రీరామనవమి పందిళ్లు విప్పేసే రోజుల్లో మా హరికథకుల ఇళ్లకు ఫోన్ చేసి చూడండి. 'దాసుగారేనా మాట్లాడేది?' అని రెండుసార్లు అడగాల్సి వస్తుంది. ఏప్రిల్ 16న ప్రపంచ స్వర దినోత్సవమట. సరిగ్గా మాకు స్వరం లేని రోజుల్లోనే వస్తుందది! మీ ఆరోగ్యం పేజీలో షుగరు, గుండె, మోకాళ్లు తరచూ చదువుతుంటాను. గొంతు మీద బతికేవాళ్ల తరఫున ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను.

నా దగ్గర కథ నేర్చుకున్న ఒకమ్మాయికి నిరుడు నవమి తర్వాత గొంతు బొంగురుపోయి ఎంతకీ తేరుకోలేదు. కింది స్వరాలు పలికేవి. పై షడ్జం (పై 'స') దగ్గరకొచ్చేసరికి ఉత్త గాలి వచ్చేది. ఇంట్లో మిరియాల కషాయం ఇచ్చారు, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టించారు. ఊళ్లో ఒకచోట యాంటీబయాటిక్ రాశారు, తగ్గకపోతే ఇంకో కోర్సు రాశారు. గొంతులోకి తొంగిచూసినవాళ్లు మాత్రం లేరు.

చివరికి విశాఖలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాం. ఆవిడ గాజుగుడ్డతో నాలుక పట్టుకుని, సన్నటి కడ్డీలాంటి కెమెరా నోట్లో పెట్టి 'ఈ... అనమ్మా' అన్నారు. తెర మీద తెల్లటి రెండు పట్టీలు కనిపించాయి, గొంతు పలికించే స్వరతంత్రులు అవే. ముందు నుంచి మూడో వంతు దగ్గర, అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా చిన్న బుడిపెలు. నాగలి పట్టినవాడి అరచేతిలో కాయ కాసినట్టు ఒరిపిడికి పుట్టినవే అవి. నాడ్యూల్స్ అంటారట. అవి అడ్డం పడటంతో పట్టీలు పూర్తిగా మూసుకోక గాలి జారిపోతోంది. మామూలుగా మాట్లాడేటప్పుడే ఆడవాళ్ల గొంతులో ఆ పట్టీలు సెకనుకు 200 సార్లు దాకా కొట్టుకుంటాయి. పై షడ్జానికి అంతకు రెట్టింపు. మూడు గంటల కథలో ఎన్నిసార్లో లెక్కేసుకోండి. అన్నట్టు, చిన్న అద్దం పెట్టి పాడే గొంతును లోపల చూడొచ్చని 1854లో కనిపెట్టినాయన పాటల మాస్టారే. మాన్యుయెల్ గార్షియా ఆయన పేరు. మా వృత్తివాడే కదా అని కాస్త గర్వపడ్డాను.

ఆ రోజే ఇంకో సంగతి తెలిసింది. మనం మింగేది అన్నవాహికలోకి పోతుంది, ఆ పట్టీలుండేది గాలి వెళ్లే దారిలో. కషాయం వాటిని తాకనే తాకదు. పీల్చిన ఆవిరి తాకుతుంది. రోజంతా తాగిన మంచినీళ్లు ఒళ్లంతా పట్టి వాటికీ తడి ఇస్తాయి. కరక్కాయ మానెయ్యమని అనను, దాని హాయి దానిది. కానీ అదే వైద్యం అనుకుంటే కష్టం.

ఆపరేషన్ అంటారేమోనని ఆ పిల్ల తల్లి ఒకటే టెన్షన్. డాక్టరుగారు ముందు స్పీచ్ థెరపిస్టు దగ్గరకు పంపారు. నత్తి ఉన్న పిల్లలకూ, మాటలు రాని పిల్లలకూ వాళ్లు అని మనం అనుకుంటాం గానీ ఇలాంటి గొంతులకు మొదటి వైద్యం వాళ్లదే. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా 'ఊ' అనిపించారు. పదేపదే గొంతు సవరించుకోవద్దన్నారు, అలా చేసిన ప్రతిసారీ పట్టీలు ఢీకొంటాయట. గుసగుసగా మాట్లాడటం కూడా విశ్రాంతి కాదట. కొన్ని నెలలకు పై షడ్జం తిరిగొచ్చింది. పాలిప్ (పట్టీ మీద లేచే మెత్తటి కండ) లాంటిదైతే ఆపరేషన్ అవసరం పడొచ్చని కూడా చెప్పారు.

మా వృత్తిలో ఇంకో చిక్కుంది. కథ మంగళం పాడేసరికి అర్ధరాత్రి. అప్పుడు కమిటీవాళ్లు ప్రేమగా పులిహోర, బజ్జీలు, పెరుగన్నం పెడతారు. తిని పందిట్లోనే నడుం వాలుస్తాం. పడుకోగానే కడుపులో పులుపు గొంతు దాకా ఎగదన్నుతుంది. పొద్దున లేవగానే గొంతు జీర, కఫం. తప్పంతా రాత్రి మంచు మీద తోసేస్తాం.

'హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మైకు లేకుండా చెప్పలేదా?' అని పెద్దలు దెప్పుతుంటారు. అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయిన మహానుభావుడితో మాకు పోలికేమిటి? పైగా ఆయన కథ పక్క వీధిలో డీజే లేదు.

ఇది మా ఒక్కరి గోడూ కాదు. మా కోడలు ప్రాథమిక పాఠశాల టీచరు, శనివారానికి సైగలతోనే మాట్లాడుతుంది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు మారినా చూపించుకోవాలి, పక్కనే పోయే నరం దెబ్బతిని ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యం చుట్ట, బీడీ తాగేవాళ్ల సంగతి. మన తీర గ్రామాల్లో ముసలమ్మలు అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట) తాగడం మనం చూస్తున్నదే. అంగిలికి అది చేసే చేటు మన డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. పొగ స్వరపేటికనూ వదలదు. గొంతు మూడు వారాలు దాటి బొంగురుగానే ఉంటే అది జలుబు కాదు, కేన్సరేమో చూడాలి. ఆ పట్టీల మీద పుట్టే కేన్సర్ మొదట్లోనే గొంతు మార్చేస్తుంది కాబట్టి త్వరగా దొరుకుతుంది, త్వరగా దొరికితే చాలామందికి నయమవుతుంది. దాన్ని కషాయాలతో నెలలు గడిపేయడమే నాకు మింగుడుపడదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికో పూట పెద్దవాళ్ల గొంతుల కోసమే ఈఎన్‌టీ డాక్టరు, స్పీచ్ థెరపిస్టు కలిసి కూర్చుంటే విశాఖ బస్సెక్కే బాధ తప్పుతుంది. బడుల్లో టీచర్లకు మెడలో తగిలించుకునే చిన్న మైకులు ఇప్పించండి. తోటి కళాకారులకు ఒక మాట: కథ ఒప్పుకునేటప్పుడు సంభావన ఎంతని అడుగుతాం కదా, మన గొంతు మనకు వినపడేలా వేదిక మీద ఒక స్పీకరు పెడతారా అని కూడా అడగండి. నేను ఈ ఏడు అడిగాను. ఇద్దరు ముగ్గురు కమిటీవాళ్లు సరేనన్నారు. ఒకాయన మాత్రం డీజే కుర్రాణ్ణి కనుక్కుని చెప్తానన్నాడు.

ఇట్లు,
ఒక హరికథకుడు,
విజయనగరం జిల్లా