ఒంటిగంటకు వచ్చే ఆవిడకీ, మా వీధి వాళ్లకీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. గుండెకు చికిత్స చేయించుకుని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి ఇవాళ్టికి 18 రోజులు. ఫోన్లు ఎత్తలేకపోయాను, మెసేజ్‌లకు జవాబులు ఇవ్వలేకపోయాను. ఏమీ అనుకోవద్దు. ఇప్పుడు కాస్త కూర్చుని రాసే ఓపిక వచ్చింది కాబట్టి, ముందు ఈ పని చేస్తున్నాను.

మొదటి నమస్కారం మీలో చాలామందికి తెలియని ఒకావిడకి పెట్టాలి. పేరు సూసన్ లూచీ. అమెరికా టీవీలో పగటి సీరియల్ నటి. ‘ఆల్ మై చిల్డ్రన్’ అనే సీరియల్ 1970 జనవరిలో ఏబీసీ చానల్లో మొదలైంది. అప్పటి నుంచి 2011 సెప్టెంబర్‌లో అది ఆగిపోయేదాకా ఆవిడ ఎరికా కేన్ అనే ఒకే పాత్ర వేసింది. 41 ఏళ్లు! కాలేజీ నుంచి వచ్చిన కొద్దికాలానికే స్కూలు పిల్లగా మొదలుపెట్టి, అదే పాత్రలో పెళ్లిళ్లు, పిల్లలు, వ్యాపారాలు అన్నీ దాటుకుంటూ వచ్చింది. వారానికి ఐదు రోజులు కొత్త ఎపిసోడ్. మొత్తం 10 వేలకు పైనే అయ్యాయి. రోజూ పేజీలకు పేజీలు డైలాగులు బట్టీ పట్టి, మర్నాటికి మళ్లీ కొత్తవి. మన డైలీ సీరియళ్లలో పనిచేసే అమ్మాయిలను అడగండి, ఆ కష్టం ఏమిటో చెప్తారు.

నేను 1996లో హెచ్-4 మీద, అంటే ఉద్యోగానికి వచ్చినవాళ్ల భార్యలకిచ్చే వీసా మీద, న్యూజెర్సీ వచ్చాను. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు, బయట మంచు. ఆయన పొద్దున్న వెళ్తే రాత్రికి రావడం. పక్కింట్లో ఒక ఇటాలియన్ పెద్దావిడ ఉండేది. అందరూ ఆవిడని నొన్నా అనేవారు, వాళ్ల భాషలో అమ్మమ్మ అని. ఒకరోజు తలుపు కొట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టింది. సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంట, ‘ఆల్ మై చిల్డ్రన్’ మొదలయ్యే వేళ. ఆ రోజు నుంచి దాదాపు మూడేళ్లు, ఒంటిగంటకు నేను ఆ సోఫాలోనే ఉన్నాను.

నా ఇంగ్లీషు అక్కడే వచ్చింది. తెనాలిలో చదివిన గ్రామర్ నాకు ఉంది, కానీ నోరు పెగిలేది కాదు. బ్రేక్ రాగానే నొన్నా టీవీ సౌండ్ తగ్గించి, ఎరికా ఇప్పుడేం అన్నదో నాతో చెప్పించేది. ఆ ఏడాది కథలో ఎరికా నొప్పి మాత్రలకు అలవాటు పడి, చికిత్స కోసం చేరింది. అంత పొగరుగా ఉండే మనిషి నాకు సాయం కావాలి అని ఒప్పుకోవడం చూసి ఇద్దరం ఏడ్చాం. అంతకు ముందు, 1973లోనే, గర్భస్రావం గురించి ఆ సీరియల్ మాట్లాడిందని నొన్నా చెప్పేది. 2000లో ఎరికా కూతురు తనకు అమ్మాయిలంటే ఇష్టమని తల్లికి చెప్పే కథ వచ్చినప్పుడు నొన్నా మూడు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు, ఏళ్లుగా మాటల్లేని మేనల్లుడికి తనే ఫోన్ చేసింది. వంటింట్లో గోడ ఫోను, తీగ వేలికి చుట్టుకుంటూ, చాలాసేపు ఊరికే వింటూ నిలబడింది. పగటి సీరియళ్లను చులకన చేసేవాళ్లకు నేను ఈ సంగతి చెప్తుంటాను.

నొన్నాకి బాగా ఇష్టమైన సీను ఇంకొకటి ఉంది. నేను రాకముందెప్పుడో వచ్చింది. అడవిలో ఎరికాకి ఎలుగుబంటి ఎదురవుతుంది. ఆవిడ పారిపోదు. నేను ఎరికా కేన్‌ని, నువ్వో మురికి మృగానివి, నా దగ్గరికి రావడానికి వీల్లేదు అని దాని మొహం మీదే అరుస్తుంది. నొన్నా చెక్క గరిటె పట్టుకుని ఆ డైలాగ్ చెప్పి, తర్వాత గరిటె నా చేతికిచ్చేది. ‘ఇప్పుడు నువ్వు. గట్టిగా.’ నేను గొణిగితే ఒప్పుకునేది కాదు.

అమెరికా టీవీ వాళ్లకిచ్చే పెద్ద అవార్డు ఎమ్మీకి లూచీ పేరు 18 సార్లు వెళ్లి 18 సార్లూ వట్టి చేతులతో వచ్చింది. 1999 మే 21న, పంతొమ్మిదోసారి, కవరు విప్పిన నటుడు పరంపర ముగిసింది అని అరిచాడు. హాలంతా లేచి నిలబడి కొట్టిన చప్పట్లు నిమిషాల తరబడి ఆగలేదు. నొన్నా కూడా ఇంట్లో నిలబడే ఉంది, మోకాళ్ల నొప్పులతోనే. అంత ఏడుస్తూ కూడా లూచీ, సోమవారం మళ్లీ స్టూడియోకి వెళ్లి పని చేసుకుంటానంది. నాకు ఆవిడ మీద గౌరవం కుదిరింది ఆ మాటకే.

సీరియల్ చివరి రోజున మేమిద్దరం మళ్లీ ఆ సోఫాలోనే చూశాం. తుపాకీ పేలిన శబ్దంతో ఆపేశారు, ఎవరికి తగిలిందో చెప్పకుండా. 41 ఏళ్లు చూసినవాళ్లకు ఇదా మర్యాద అని నొన్నా బాధపడింది. రెండేళ్ల తర్వాత ఆవిడా వెళ్లిపోయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2019లో లూచీ తన గుండె సంగతి టీవీలో చెప్పినప్పుడు నేను గిన్నెలు తోముతున్నదాన్ని ఆపి విన్నాను. వేరే ఎవరు చెప్పినా వినేదాన్ని కాదు. 2018 చివర్లో ఆవిడకి ఛాతీ దగ్గర బిగుతుగా అనిపించిందట. తగ్గిపోయింది, పట్టించుకోలేదు. మళ్లీ వచ్చింది, పక్కటెముకల చుట్టూ. మూడోసారి బట్టల షాపులో ఉండగా, గుండె మీద ఏనుగు కూర్చున్నట్టు. ఎప్పుడో టీవీలో ఎవరో ఒకావిడ గుండెపోటు గురించి సరిగ్గా ఇలాగే చెప్పడం గుర్తొచ్చిందట. షాపు మేనేజరే కార్లో ఆస్పత్రికి తీసుకెళ్లింది. ముఖ్యమైన రక్తనాళంలో 90 శాతం మూసుకుపోయి ఉంది. రెండు స్టెంట్లు వేశారు. ఆవిడ తల్లి నూరేళ్లు దాటిన మనిషి. తనకూ ఆవిడ పోలికే అనుకుందట, కానీ గుండె జబ్బు తండ్రి వైపు నుంచి వచ్చింది.

మా అమ్మకి 84. తెనాలిలో ఇప్పటికీ డాబా మీద వడియాలు పెడుతుంది. నాకూ ఆవిడ పోలికే అనుకున్నాను. మా నాన్న 52 ఏళ్లకు గ్యాస్ పట్టేసిందని సోడా తాగి పడుకుని లేవలేదు. ఆ సంగతి మాత్రం మర్చిపోయాను.

ఆస్పత్రిలో చేరడానికి ముందు గురువారం నాకు ఎడమ దవడ లాగింది, పక్కటెముకల దగ్గర పట్టేసినట్టు ఉంది. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే గ్యాస్ అని మాత్రలిచ్చి పంపారు. ఈసీజీ తీయలేదు. నేనూ తల ఊపి వచ్చేశాను. శనివారం సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే మళ్లీ వచ్చింది, ఈసారి నడుము దాకా బెల్టు బిగించినట్టు, ఒళ్లంతా చల్లటి చెమట. వాము నీళ్లు కాచుకోవడానికి స్టవ్ వెలిగించాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది ఆ ఏనుగు మాట. స్టవ్ ఆపేశాను.

ఆయన ఊళ్లో లేరు, బాబు కాలేజీలో. ఎదురింటి తమ్ముడికి ఫోన్ చేశాను. కార్లో దింపు అంటే, వద్దక్కా, 911కి చేస్తున్నాను అన్నాడు. లైన్లో వాళ్లు చెప్పినట్టు ఆస్పిరిన్ నమిలించి, అంబులెన్స్ వచ్చేదాకా నా పక్కన కింద కూర్చున్నాడు. అతని చేతులు నాకంటే ఎక్కువ వణికాయి. తమ్ముడూ, నీ రుణం ఈ జన్మలో తీరేది కాదు.

ఎమర్జెన్సీలో నర్సు ఏమైందని అడిగితే, నొన్నా గరిటె నా చేతిలో ఉన్నట్టే గట్టిగా చెప్పాను. ఇది గ్యాస్ కాదు, మా నాన్న 52 ఏళ్లకు గుండెపోటుతో పోయారు, ముందు ఈసీజీ తీయండి అని. తీశారు. తెల్లారేలోపు స్టెంట్ వేశారు. నాది 95 శాతం. నా మాట విన్న ఆ నర్సుకి, రాత్రంతా నిలబడిన డాక్టర్లకి చేతులెత్తి దండం.

ఇంటికొచ్చాక మీరు చేసింది ఎలా చెప్పను? గుంటూరు వదిన నాలుగు రాత్రులు మా హాల్లో పడుకుంది. ఇన్సూరెన్స్ కాగితాలన్నీ చూసిపెట్టిన నెల్లూరు అబ్బాయికి, ఉప్పు లేకుండా కూడా రుచిగా బీరకాయ వండొచ్చని చూపించిన వరంగల్ అక్కకి, దాదాపు మూడు వారాలుగా వంతులేసుకుని క్యారియర్లు పంపిన అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఆవకాయ సీసా దాచేసిన వాళ్లకి కూడా.

మీ స్టీలు డబ్బాలు 23 తేలాయి. మూతల మీద పేర్లున్నవి సర్ది పెట్టాను, పేరు లేనివి ఆరున్నాయి, ఎవరివో చూసుకోండి. ఖాళీ డబ్బా ఇవ్వకూడదంటారు. వండే ఓపిక ఇంకా రాలేదు కాబట్టి తలా గుప్పెడు పటికబెల్లం వేశాను. ఆదివారం సాయంత్రం రండి, ఇంట్లోనే ఉంటాను.