మీ చిన్నాయన కీబోర్డు గురించి

అమ్మీ,

ఇక్కడ అందరం బాగున్నాం. కడపలో ఎండ అప్పుడే మాడుస్తాంది, మీ జేజి మధ్యాహ్నం గడప దాటడంలేదు. పండగ తర్వాత నీ ఫోన్ లేదు. పని ఎక్కువుంటుందిలే అని మీ అమ్మకు చెప్తున్నా. నిన్న సుబ్బన్న బెంగళూరు నుంచి వచ్చి, చిన్నాయన డీఎక్స్7 కీబోర్డు చెడిపోయిందని, దాన్ని అమ్మేస్తానంటున్నావని చెప్పినాడు. నిజమేనా?

ఆన్ చేయంగానే 'చేంజ్ బ్యాటరీ' అని వస్తోందంట కదా. అది చెడిపోవడం కాదమ్మా. లోపల మెయిన్ బోర్డు మీద సీఆర్2032 బిళ్ల సెల్ ఉంటుంది, 3 వోల్టులది. కరెంటు తీసినాక కీబోర్డులో దాచుకున్న 32 టోన్లను, అంటే వాయిద్యాల శబ్దాలను, నిలబెట్టేది అదే. యమహా ఆ మోడల్ తెచ్చింది 1983లో. సెల్ దిగిపోకుండా ఎన్నాళ్లుంటుంది?

సెల్ తీస్తే టోన్లు పోతాయి. ముందు వాటిని కంప్యూటర్‌లోకి దించుకో. కీబోర్డును మిడి కేబుల్‌తో, అంటే వాయిద్యాలను కంప్యూటర్‌కు కలిపే వైరుతో, తగిలించి, ఫంక్షన్‌లో 8వ బటన్ ఒత్తుతూ పో, సిస్ ఇన్ఫో దగ్గర 'అవైల్' పెట్టు, మళ్లీ ఒత్తితే 'మిడి ట్రాన్స్‌మిట్?' అంటుంది, యెస్ కొట్టు. కంప్యూటర్‌లో మిడి-ఆక్స్ అనే ప్రోగ్రాంలోకి వచ్చిన ఫైలు సరిగ్గా 4,104 బైట్లుండాల. తగ్గితే మధ్యలో తెగినట్టు. చౌక యూఎస్‌బీ-మిడి కేబుళ్లు ఇక్కడే మోసం చేస్తాయి.

ప్రొద్దుటూరులో మీ చిన్నాయన స్నేహితుడొకాయన ఇట్లాంటిదాన్నే రిపేరుకిచ్చినాడు. ఆ మెకానిక్ సెల్‌ను బోర్డుకు అతికించే లోహం, సోల్డర్, కరగకముందే పాత సెల్ పట్టి లాగినాడు. దాంతోపాటు బోర్డు మీది రాగి పొర లేచొచ్చింది. సన్న వైరుతో దాన్ని అతికించి, కొత్త సెల్ మొహం మీదనే నేరుగా సోల్డర్ పెట్టినాడు. వేడికి సెల్ ఉబ్బి చిట్లి, లోపలి రసం బోర్డు మీద చిందింది. తుడిచి, సెల్ లేకుండానే ఇచ్చి పంపినాడు. మరుసటి రోజు పెళ్లి కచేరీ. టోన్లు దించుకోలేదు, ఏ నంబరు నొక్కినా పిచ్చి కూతలే. షెహనాయి, వీణ టోన్లు రాత్రంతా కూర్చొని చేత్తో కట్టుకొని, కచేరీ అయ్యేదాకా స్విచ్ ఆపకుండా నెట్టుకొచ్చినాడు.

అందుకే నువ్వు సెల్‌ను పెట్టి తీసుకునే హోల్డరు వేసుకో. ఇంకెప్పుడూ సోల్డర్ పని ఉండదు. ప్లగ్ పీకి పది నిమిషాలాగు, కరెంటు లోపలికొచ్చే వైపు చెయ్యి పెట్టొద్దు. ప్లస్ ఎటుందో ఫోటో తీసుకో. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. విక్‌తో, అంటే రాగి అల్లిక పట్టీతో, సోల్డర్ పీల్చి, సెల్ కాలు దానంతట కదిలితేనే తియ్. హోల్డరు కాళ్లు ఆ రంధ్రాల్లో కూర్చోకుంటే బలవంతం చేయకు, రెండు వైర్లతో కలిపి పక్కన అతికించు. సెల్ మాత్రం సోల్డరింగంతా అయినాకే పెట్టు. షాపులో అదే సైజని ఎల్ఐఆర్2032 ఇస్తారు, వద్దు. అది ఛార్జ్ అయ్యే రకం, నిండితే 4.2 వోల్టులకు పోతుంది. కొత్త సెల్ పెట్టినాక, టోన్లు చెరిగిపోకుండా అడ్డుకునే మెమరీ ప్రొటెక్ట్ ఆఫ్ చేస్తేనే టోన్లు తిరిగి ఎక్కుతాయి. ఫంక్షన్ 14లో వోల్టేజీ చూడు, 3 దగ్గరుండాల.

పాత సెల్ బల్ల మీద వదలొద్దు. మీ అక్క బిడ్డ వస్తాంటుంది కదా, మింగితే రెండు గంటల్లోనే గొంతు కాలుతుంది. టేపు చుట్టి ఎత్తిపెట్టు.

రాత్రి అన్నం తింటున్నావా? బయటి తిండి తగ్గించు. వాయించడం మానేయడానికి బ్యాటరీ కాక ఇంకేదన్నా కారణముంటే అదే చెప్పు. డబ్బులైతే నేను పంపుతా. నువ్వు పెంచుకున్న చెయ్యి అది, నెలలు వదిలేస్తే వేళ్లు బిగుసుకుంటాయి. ఇంత చెప్పొద్దనుకుంటూనే చెప్తున్నా. మీ అమ్మకు మాత్రం ఒక్క ఫోన్ చెయ్యి.

శెనక్కాయ ఉంటలు, మామిడికాయ ఊరగాయ పంపుతున్నా. హోల్డరు, రెండు సెల్లులు ఆ పార్సిల్లోనే ఉన్నాయి. సెల్లుల్ని వాటి కవర్లలో నుంచి తీయలేదు. హోల్డరుకు నూనె అంటితే సోల్డర్ పట్టదు, కాళ్లు గుడ్డతో తుడిచినాకే పెట్టు.

మీ నాయన