నాన్నగారికి, లీడ్స్ నుంచి

నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. చలి ముదిరింది, నాలుగింటికే చీకటి పడుతోంది. ఆసుపత్రిలో డ్యూటీలు మామూలే. అమ్మ పంపిన కందిపొడి పొదుపుగా వాడుతున్నాను.

ముద్ద ముద్దకీ నీళ్లు తాగితే గాని మీకు అన్నం దిగడం లేదని అమ్మ ఫోనులో చెప్పింది. మీరేమో గుండెల్లో మంట తగ్గింది కదా, ఇక నాకేమిటి అన్నారు. నాన్నా, నా భయమంతా అక్కడే. ఏళ్ల తరబడి పొట్టలోని ఆమ్లం పైకి తన్నుతుంటే అన్నవాహిక లోపలి పొర పుండు పడుతుంది. పుండు మానినచోట మచ్చ గట్టిపడి దారి ఇరుకవుతుంది. కొందరికి ఆ పొర తీరే మారిపోయి పేగు లోపలి పొరలా తయారవుతుంది. బ్యారెట్ అన్నవాహిక అంటారు దాన్ని. మారిన పొరకు ఆమ్లం తగిలినా మంట అంతగా తెలియదు. అందుకే మంట తగ్గిందంటే సంతోషించలేకపోయాను.

బెదిరించడానికి రాయడం లేదు. బ్యారెట్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. ఉందని తెలిస్తే కొన్నేళ్లకోసారి చూస్తుంటారు, చెడు మార్పు కనబడితే తొలిదశలోనే నోటి గుండా గొట్టం దింపి తీసేస్తారు. కానీ తెలియాలంటే ఎండోస్కోపీ, అంటే ఆ గొట్టానికున్న కెమెరాతో లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి. గొంతుకు మత్తుమందు కొడతారు, పది నిమిషాల పని. ఇక్కడ మీ వయసు వాళ్ల చేయి పట్టుకుని రోజూ పక్కన నిలబడుతున్నాను. మీ పక్కన మాత్రం లేను. దూరాన కూర్చుని నీతులు చెబుతోందని అనుకోకండి.

పిన్ని వాళ్లు తెచ్చిన సంబంధం ఏమైంది? తమ్ముడు నోరు విప్పడు, అమ్మను రాయమనండి.

రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించండి, తిన్న మూడు గంటల దాకా పడుకోవద్దు. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించండి. దిండ్లు పెంచితే నడుం వంగి పొట్ట నొక్కుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. ఈనో ఆ పూటకు హాయినిస్తుంది, పుండును మాన్పదు. డాక్టరు ఆమ్లం తగ్గించే మాత్ర ఇస్తే పొద్దున టిఫినుకు అరగంట ముందు వేసుకోండి. చుట్ట మానండి, నా మీద ఒట్టు. నెత్తుటి వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి.

తమ్ముడికి డబ్బు పంపాను. వచ్చే వారం మిమ్మల్ని తీసుకెళ్తాడు, వద్దనకండి. ముక్క తీసి పరీక్షకు పంపితే ఆ రిపోర్టు కూడా ఫోటో తీసి నాకు పంపమనండి.

మీ పెద్దమ్మాయి