బూట్లు పారెయ్యకు, లైనర్లు పంపించు

సీతమ్మధార,
విశాఖపట్నం

మావా,

ఆ స్నోబోర్డు బూట్లు మాత్రం పారెయ్యకు. కొత్తవి కొనెయ్యనా అని అడిగావు కదా, డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదు, అందుకే కూచుని రాస్తున్నాను.

గుల్మార్గ్‌లో గొండోలా రోప్‌వే రెండో దశ ఎక్కి అఫర్వాట్ కొండ మీదికి వెళ్లేసరికి కాలి వేళ్లు మొద్దుబారిపోయాయన్నావు. బూటు పాతబడి చలి ఆపట్లేదని నీ అనుమానం. కానీ మాటల మధ్యలో ఇంకోటి కూడా అన్నావు, టో ఎడ్జ్ మీద, అంటే బోర్డుకి కాలివేళ్ల వైపున్న అంచు మీద ఒరిగినప్పుడల్లా మడమ పైకి లేస్తోందని. నా లెక్కలో అసలు జబ్బు అదే. లైనర్, అంటే బూటు లోపల విడిగా ఊడొచ్చే ఆ మెత్తటి తొడుగులో, మడమ దగ్గర ఫోమ్ నలిగి పలచబడింది. మడమ ఆడుతోందని నువ్వు లేసులు ఇంకా బిగించి ఉంటావు. బిగించేకొద్దీ పాదంలో రక్తం ఆడటం తగ్గుతుంది, వేళ్లు చల్లబడతాయి. మందపాటి సాక్సు ఇంకోటి వేస్తే ఇంకా నొక్కుకుంటుంది తప్ప వెచ్చబడదు. మడమని దాని చోట కూర్చోబెడితే లేసు వదులుగా ఉన్నా సరిపోతుంది, వేళ్లూ బతికిపోతాయి.

నీ లైనర్లు వేడికి ఒదిగే రకమే. అందులో ఉండేది ఇవిఎ ఫోమ్, అంటే ఇథిలీన్ వినైల్ ఎసిటేట్. మన హవాయి చెప్పుల్లో చాలావాటిదీ ఆ జాతే. లోపలంతా మూసుకుపోయిన చిన్న చిన్న గాలి గదులు. ఏళ్ల తరబడి బరువు పడితే ఆ గదులు నలుగుతాయి, గాలి మెల్లగా బయటికి పోతుంది. మళ్లీ వేడి తగిలితే ఫోమ్ మెత్తబడి, మిగిలిన గాలి వ్యాకోచించి, నలిగిన చోట కొంత పొంగుతుంది. ఆ మెత్తదనంలో పాదం పెడితే ఆ ఆకారానికే చల్లారి గట్టిపడుతుంది. పాత పరుపు దూది ఏకించి మళ్లీ కుట్టించుకున్నట్టే అనుకో, కొత్త పరుపంత రాదు గాని హాయిగా పడుకోవచ్చు. గది గోడలే చిరిగిపోయిన చోట మాత్రం ఎంత వేడి పెట్టినా లేవదు. అక్కడ ముక్క అతికించాల్సిందే.

ముందు బూటు షెల్, అంటే బయటి గట్టి తొడుగు చూడు. కొన్ని బూట్ల అడుగున పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ ఉంటుంది. తేమకి అది లోలోపల కుళ్లి, ఒకరోజు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. మా ఊరి సముద్రపు గాలికి ఇది ఇంకా తొందర. కొక్కేలు కూడా తుప్పు పడతాయి. బొటనవేలితో అడుగు గట్టిగా నొక్కు, వంచి చూడు. పగుళ్లు కనిపిస్తే ఆ షెల్ కోసం కష్టపడటం దండగ. గట్టిగా ఉంటే లైనర్ బాగు చేసుకోవడం నూటికి నూరుపాళ్లు లాభం.

తర్వాత లైనర్లు బయటికి లాగి, లోపలి అట్ట (పాదం కింద ఉండే ఇన్‌సోల్) తీసి, గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి మెత్తటి బ్రష్‌తో తుడువు. వాషింగ్ మెషీన్‌లో వెయ్యకు. లోపల పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద ఆరబెట్టు, తడిసిన పేపర్లు మారుస్తూ ఉండు. డాబా మీద ఎండలో పెట్టొద్దు మావా, నల్లటి లైనర్ మన వేసవి ఎండకి వేడెక్కి పాదం లేకుండానే ఏదో ఒక వంకర ఆకారం పట్టేస్తుంది. బూజు వాసన పూర్తిగా పోయేదాకా తొందరపడకు.

మడమ లోపలి గుడ్డ చిరిగిందన్నావు. అది వేడి పెట్టకముందే కుట్టించాలి. డాబాగార్డెన్స్ వైపు చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మైనం పట్టించిన దారంతో ఆయన వేసే కుట్టు చేతికి తగలదు. పలచటి మెత్తని తోలు ముక్క తీసుకుని, అంచులు ఇంకా పలచగా చెక్కి వేస్తాడు. రెక్సిన్ మాత్రం వద్దని చెప్పాలి, చెమట పీల్చదు, అంచు దగ్గర బొబ్బ లేస్తుంది.

ఇక వేడి సంగతి. దుకాణాల్లో వేడి గాలి కొట్టే యంత్రమో, గాలి తిరిగే ఓవెనో వాడతారు. ఇలాంటి లైనర్లకి సుమారు 115 డిగ్రీల సెల్సియస్, పది పన్నెండు నిమిషాలు. నీ లైనర్ కంపెనీ కాగితంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. మన ఇళ్లలో ఉండే చిన్న ఓవెన్‌లో కడ్డీలు మరీ దగ్గర, ఫోమ్ కాలిపోతుంది, అటు పోకు. బియ్యం పద్ధతి నాకు నచ్చింది. రెండు పొడుగాటి నూలు సాక్సుల్లో చెరో కిలో బియ్యం పోసి మూతి కట్టు. నైలాన్ సాక్సు కరిగిపోవచ్చు, వద్దు. మైక్రోవేవ్‌లో పక్కనే గ్లాసుడు నీళ్లు పెట్టి, మధ్యమధ్యలో ఆపి, బియ్యం కుదిపి వేడి చెయ్యాలి, లేకపోతే ఒకచోట మాడి ఇంకోచోట చల్లగా ఉంటుంది. మా అమ్మ దీనికోసం రేషన్ బియ్యం విడిగా ఒక డబ్బాలో పెట్టింది, మళ్లీ వంటకి పనికిరావని. వేడి సాక్సుని లైనర్ మడమదాకా దింపి పది నిమిషాలు ఉంచితే ఫోమ్ చేతికి మెత్తగా తెలుస్తుంది. దీంతో లోపలి వైపు బాగా ఒదుగుతుంది. మొత్తం లైనర్ మళ్లీ అచ్చు పోయాలంటే యంత్రమే మేలు, కానీ నీకు కావలసింది మడమే కాబట్టి బియ్యం చాలు.

అది వేడెక్కేలోపు నువ్వు సిద్ధంగా ఉండాలి. పాదం కింద అట్ట, వేళ్ల మీద పాత సాక్సు కొస కోసిన టోపీ, వాటి పైన పలచటి సాక్సు. ఆ టోపీ వల్లే వేళ్ల ముందు కాస్త చోటు మిగులుతుంది. వేడి లైనర్ షెల్‌లో ముడత లేకుండా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడు. అప్పుడు పడిన ముడత చల్లారాక రాయిలా ఉంటుంది, మళ్లీ వేడి పెడితే తప్ప పోదు. కాలు దూర్చి, మడమని నేలకేసి రెండు మూడు సార్లు కొట్టి వెనక్కి జరుపు. లేసులు మామూలుగా కట్టు. వేళ్ల కింద చిన్న చెక్క పెట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి, కదలకుండా చల్లారేదాకా నిలబడు. పావుగంట పడుతుంది. ఆ తర్వాత ఒక రోజంతా వాటిని వదిలెయ్యి.

అప్పటికీ మడమ కొంచెం ఆడితేనే ముక్క అతికించడం. చెప్పుల అడుక్కి వాడే ఇవిఎ షీటు మా పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల తోలు సామాన్ల కొట్లలో దొరుకుతుంది. మూడు మిల్లీమీటర్లది చాలు. చీలమండ ఎముక చుట్టూ, వెనకవైపు, చంద్రవంకలా కోసి లైనర్ బయటి వైపు అంటించాలి. ఎముక మీదికి రాకూడదు. బంక రెండు వైపులా పలచగా రాసి, చేతికి అంటనంతగా ఆరాకే నొక్కాలి. ఇది వేడి పెట్టడం అయిపోయాకే చెయ్యాలి మావా, ఈ రబ్బరు బంక వేడికి మెత్తబడి జారిపోతుంది. పైగా తడి బంకలో ద్రావకం ఉంటుంది, నిప్పు దగ్గర ప్రమాదం. వానాకాలం మధ్యాహ్నాల్లో బంక మీద తేమ పేరుకుని పట్టు తప్పుతుంది కూడా, పొడిగా ఉన్న రోజు చూసుకుని, కిటికీలు తీసి పెట్టుకునే ఈ పని చెయ్యి.

నీకు అక్కడ కుట్టేవాళ్లెవరూ తెలియదంటే లైనర్లు రెండూ బస్సు పార్సెల్‌లో నాకు పంపించు. నేనే దగ్గరుండి కుట్టిస్తాను. వేడి పెట్టడానికి నీ పాదం కావాలి కాబట్టి దీపావళికి వచ్చేటప్పుడు షెల్స్, లోపలి అట్టలు, నువ్వు కొండ మీద వేసుకునే ఆ పలచటి సాక్సులు తెచ్చుకో. ఏ కాలు మడమ ఎక్కువ ఆడుతోందో ఒక చీటీ మీద రాసి పార్సెల్‌లో పెట్టు, ఆ కాలిది ముందు చూస్తాను.

నీ
మావ