47 రోజులుగా నన్ను తిప్పించుకుంటున్న మీ కంపెనీకి

కస్టమర్ కేర్ వాళ్లకీ, వాళ్ల పైన ఎవరైనా ఉంటే వాళ్లకీ,

నమస్కారమండి. మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. ఇంగ్లీషులో రాయరా అని మా అన్నయ్య అన్నాడు గానీ ఇంగ్లీషులో మూడు మెయిల్స్ పెడితే మూడింటికీ ఒకటే జవాబొచ్చింది, అక్షరం తేడా లేదు. అందుకే ఈసారి నాకొచ్చిన భాషలో రాస్తున్నా, చదివించుకోవడం మీ పని.

అసలు విషయం చిన్నదే. పాతకాలం మోటోక్రాస్ (మట్టిదారుల్లో బైకు పందేలు) మోడల్ హెల్మెట్, దానికి మూతి ముందు బటన్లతో బిగించుకునే ఫేస్ గార్డ్, పైన టోపీ అంచులా ముందుకొచ్చే పీక్, మూడూ మీ సైట్లోనే ఒకే ఆర్డర్లో తీసుకున్నా. ఈ హెల్మెట్‌కి ఈ గార్డ్ సరిపోతుందని రాసింది మీరే. పీక్ బటన్లు మూడూ టక్కుటక్కుమని పడ్డాయి. గార్డ్ పడలేదు. ఎడమ పక్క నొక్కితే కుడి పక్క బటన్ వేలెడు ఎడంగా ఉండిపోతాది, కుడి పక్కది లాగి పెడితే ఎడమది ఊడిపోతాది. మా ఆవిడ హెల్మెట్‌ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంటే నేను రెండు బొటనవేళ్లతో నొక్కా, గోరు కింద రక్తం గడ్డకట్టింది గానీ అది మాత్రం దగ్గరికి రాలేదు. సరే, ప్యాకింగ్‌లో వేరే మోడల్‌ది పడుంటాది, ఎవరికైనా జరుగుతాది. దానికి నాకు కోపం లేదండి, నిజంగా లేదు.

కోపం ఆ తర్వాత జరిగినదానికి.

అదే సాయంత్రం ఫోన్ చేశా. మా పిన్ కోడ్ 761తో మొదలవుతాది కాబట్టి మీ సిస్టమ్ నన్ను తిన్నగా ఒడియా మాట్లాడే అమ్మాయికి కలిపింది. నాకు ఒడియా వచ్చు, బజార్లో బేరమాడతా, ఆఫీసులో పని చేయించుకుంటా, కానీ బటన్లో గుంట ఉన్న ముక్క ఎటుంది బుడిపె ఉన్న ముక్క ఎటుంది అని చెప్పేంత రాదు. తెలుగు వాళ్లకి కలుపుతానంది. పద్నాలుగు నిమిషాలు పాట విన్నా. చివరికి తెలుగాయన ఎత్తి, అంతా విని, "సార్ మీది ఒడిశా పిన్ కదా, నాకు ఆంధ్రా తెలంగాణ ఆర్డర్లే ఓపెన్ అవుతాయి" అన్నాడు. నాయనా, ఆంధ్రాలో ఉన్న పాతపట్నం మా ఊరి పక్కనే, బండి మీద పది నిమిషాలు, అక్కడ 532తో మొదలవుతాది, అక్కణ్ణుంచి ఆర్డర్ పెట్టుంటే నా మాట వినేవాడివా అనడిగా. "అవును సార్" అన్నాడు. ఇదేటండీ? 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపారు, అప్పట్నుంచీ ఆఫీసులో ఒడియా ఇంట్లో తెలుగుతో బతుకుతున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు. మీ దగ్గర మాత్రం నేను అటూ కాని ఇటూ కాని వాణ్ణి అయిపోయా.

తర్వాత ఇంకొకరు బరంపురం డీలర్ దగ్గరికెళ్లమన్నారు. నాది మోటార్ వైండింగ్ షాపు, ఒక రోజు మూసేస్తే ఆ రోజు పోయినట్టే, అయినా మూసేసి బస్సెక్కా. ఆ డీలర్ మంచోడు, టీ ఇప్పించాడు, ఆన్‌లైన్ సరుకు నేను తీసుకోకూడదండీ అన్నాడు. కానీ నా గార్డ్ తీసి షోకేస్‌లో ఉన్న ఇంకో హెల్మెట్‌కి పెట్టి చూశాడు, అన్ని బటన్లూ ఒక్క దెబ్బకి పడిపోయాయి. అంటే ఇది ఆ మోడల్ గార్డ్, పొరపాటున నాకొచ్చింది. తాళం దొరికినంత సంతోషంతో బస్టాండ్‌లోనే మీకు ఫోన్ చేసి చెప్పా. "నోట్ చేసుకున్నాం సార్" అన్నారు. మర్నాడు ఇంకో అమ్మాయి ఫోన్ చేసి సమస్య ఏంటో మొదట్నుంచి చెప్పమంది. నోట్ చేసుకున్నది ఎక్కడికి పోయిందండీ?

ఫొటోలు పంపమన్నారు, పంపా. సరిపోవన్నారు, వీడియో పంపా. పెట్టె విప్పుతున్న వీడియో కావాలన్నారు. విప్పేటప్పుడు వీడియో తియ్యాలని ఎవరికి తెలుసు?

అన్నిటికంటే మండింది ఇది. ఒకాయన, "సార్, చిన్న డ్రిల్ పెట్టి కొత్త బటన్ కొట్టించుకోండి, లోకల్ మెకానిక్ చేసేస్తాడు" అన్నాడు. పెట్టెలో మీరే పెట్టిన బుక్‌లెట్ ఉంది, హెల్మెట్‌కి చిల్లులు పెట్టకూడదు, మార్పులు చెయ్యకూడదు అని అందులో ఉంది, నేను ఫోన్లో చదివి వినిపించా. దెబ్బ తగిలితే ఆ బలం పెంకంతా పరుచుకోవాలి, చిల్లు పెట్టిన చోట పెంకు బలహీనమైపోతాది, మోటార్లు చుట్టుకునే నాకే తెలుసు. వెనక ఐఎస్ఐ మార్కు, హెల్మెట్ల ప్రమాణం ఐఎస్ 4151 అని స్టిక్కరేసి, ఫోన్లో డ్రిల్ పెట్టుకోమంటారా? మీ సొంత తమ్ముడి హెల్మెట్‌కి ఇదే చెప్తావా బాబూ అనడిగా. కట్ చేసేశాడు.

ఈ గార్డ్ దవడని కాపాడదని నాకు తెలుసు, అది ఫుల్ ఫేస్ హెల్మెట్ పని. ఇది ముందు బండి చక్రం లేపే రాళ్లకీ మట్టిపెళ్లలకీ మాత్రమే. పోయిన చలికాలం మహేంద్రగిరి రోడ్డులో టిప్పర్ వెనక వస్తుంటే కంకరరాయి లేచి పెదవి చీలిపోయింది, రెండు కుట్లు పడ్డాయి. అందుకు కొన్నా, స్టైల్‌కి కాదు.

ఇక పికప్ సంగతి. వెనక్కి తీసుకుంటామన్నారు, రోజు చెప్పారు. మూడు సార్లు చెప్పారు. మూడు రోజులూ భోజనానికి కూడా ఇంటికెళ్లకుండా షాపులోనే కూర్చున్నా, మూడు రోజులూ సాయంత్రానికి "కస్టమర్ అందుబాటులో లేరు" అని మెసేజ్. మూడోసారి దాని వెనకే ఇంకోటి, మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదండి.

మా ఇంట్లో మీ హెల్మెట్లు ఇప్పటికి ఆరు. మా బావకి, మా తోటి రైడర్లకి నేనే చెప్పి కొనిపించినవి వేరే. మొదటిది నాన్నగారిది, టెక్కలి రోడ్డులో గేదె అడ్డొచ్చి పడిపోతే హెల్మెట్ పగిలింది, తలకి ఏమీ కాలేదు. ఆ పగిలిన హెల్మెట్ ఇప్పటికీ మా వరండాలో మేకుకి వేలాడుతుంది, అమ్మ పారెయ్యనివ్వదు. మీ కంపెనీ మీద మా ఇంట్లో ఉన్న నమ్మకం అది. దాన్ని ఒక ప్లాస్టిక్ ముక్క కోసం పోగొట్టుకుంటున్నారు.

2020 ఈ-కామర్స్ రూల్స్ నేనూ చదివా. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. 47 రోజులయింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, అక్కడా తేలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న చోటే వెయ్యొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. బస్సు చార్జీలు, షాపు మూసిన రోజు, అన్నీ రాస్తా. ఇటు పర్లాకిమిడి అటు పాతపట్నం కుర్రాళ్లం కలిసి బళ్లు తోలుతాం, వాళ్లెవరూ ఇక మీ సరుకు ముట్టుకోరు.

సరైన గార్డ్ పంపుతారో డబ్బులేస్తారో, ఇప్పుడు నాకు రెండూ ఒకటే. ముందు తెలుగు తెలిసిన మనిషి ఒకరు ఫోన్ చేసి, మధ్యలో ఇంకొకరికి కలపకుండా, చివరిదాకా వినండి. గార్డ్ కవర్లోనే ఉంది, కౌంటర్ కింద పెట్టా. పికప్ కుర్రాడు వచ్చేసరికి షట్టర్ దించి ఉంటే పక్క కిరాణా కొట్లో అడగమనండి, వాళ్లకి తాళం ఇచ్చి ఉంచా.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి మీ పాత కస్టమరు